తాళం వేసే చేతికి తెలుగు రాకపోతే

కొవ్వూరు గోదావరికి పడమటి గట్టున ఉంది. అయినా 2022 ఏప్రిల్ 4 నుంచి అది తూర్పు గోదావరి జిల్లాలోని ఊరు. నిడదవోలుదీ అదే కథ. అంతకు ముందురోజు దాకా తూర్పు గోదావరికి ముఖ్యపట్టణమైన కాకినాడ ఆ జిల్లాలోనే లేకుండా పోయింది. పశ్చిమ గోదావరికి పెద్ద దిక్కుగా ఉన్న ఏలూరు తన పేరిట వేరే జిల్లా కట్టుకుని వెళ్లిపోతే, ఆ కుర్చీ భీమవరానికి దక్కింది. అమలాపురం చుట్టుపట్ల ఊళ్లు కోనసీమ జిల్లా అయ్యాయి. ఇక్కడివాళ్లకు ఇదంతా అలవాటైపోయిన సంగతే. కానీ తెలుగు వికీపీడియాలో దాదాపు ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఒక పేజీ ఉంది. జిల్లాలు మారినప్పుడు ఎవరో ఒకరు కూర్చుని వందల పేజీల్లో జిల్లా పేరు దిద్దాలి. తెలుగు అక్షరం ముక్క రాని కాపలాదారు ఒకరు ఎక్కడో యూరప్‌లో కంప్యూటరు ముందు కూర్చుని ఈ మార్పుల్ని గమనిస్తున్నారనుకోండి. ఒకే ఖాతా, గంటలో యాభై పేజీలు, ప్రతి పేజీలోనూ ఒకే మాట తీసి ఇంకో మాట పెట్టడం, పక్కన ఆధారమేదీ చూపకపోవడం. అనువాద యంత్రంలో వేసి చూస్తే పడమటి గట్టున ఉన్న ఊరిని తూర్పు గోదావరిలో కలుపుతున్నట్టు తేలుతుంది. అల్లరికోసం పేజీలు పాడుచేసేవాడి పనికీ దీనికీ పైకి ఏమీ తేడా కనపడదు.

ఆ కాపలాదారు ఎవరు, తెలుగు పేజీల మీద వారికి అధికారం ఎక్కణ్ణించి వచ్చిందన్నది ముందు చెప్పుకోవాలి. వికీపీడియా మూడు వందలకు పైగా భాషల్లో ఉంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఇప్పుడు లక్షకు పైగా వ్యాసాలున్నాయి. ప్రతి భాషా వికీ తన ఇంటి పెత్తనం తానే చూసుకుంటుంది. తన నియమాలు తనవి, తన రచ్చబండ తనది, సముదాయం ఎన్నుకున్న నిర్వాహకులు తనవాళ్లు. పేజీలు చెరిపేసేవారిని, బూతులు రాసేవారిని దిద్దుబాట్లు చెయ్యకుండా ఆ నిర్వాహకులు ఆపుతారు. దాన్నే నిరోధం అంటారు. తెలుగులో నిరోధించిన మనిషి తమిళ వికీలో మామూలుగా రాసుకోవచ్చు, తమిళంలో నిరోధించినవాడు ఇక్కడ రాసుకోవచ్చు. అయితే 2015 నాటికి అన్ని భాషల ఖాతాలనూ ఒక్కటి చేసేశారు. ఒకే పేరు, ఒకే సంకేతపదంతో మూడు వందల గుమ్మాలూ తెరుచుకుంటాయి. రచయితకు ఇది ఎంత సౌకర్యమో చెడగొట్టేవాడికీ అంతే. అందుకే అన్ని గుమ్మాలకూ కలిపి తాళం వేయగల మనుషులు కావలసి వచ్చారు. వాళ్లే స్టీవార్డులు. 2004లో మొదలైన ఈ ఏర్పాటులో అన్ని భాషల వాడుకరులూ ఓటువేసి వారిని ఎన్నుకుంటారు. గెలవాలంటే కనీసం 30 మంది మద్దతు, వచ్చిన ఓట్లలో 80 శాతం అనుకూలత ఉండాలి. వీరితోపాటు చిన్న వికీలను కనిపెట్టుకుని ఉండే వాలంటీర్ల బృందం ఒకటి రాత్రింబగళ్లు పనిచేస్తుంది. వీరెవరికీ జీతం లేదు. చాలామందికి తాము కాపలా కాస్తున్న భాషల్లో చాలావాటి లిపి కూడా రాదు.

వీరి అవసరాన్ని తక్కువ చేసి మాట్లాడటం న్యాయం కాదు. ఒక దుండగుడు ఒకే గంటలో నలభై భాషల్లో అవే అసహ్యమైన బొమ్మలు పెట్టుకుంటూ పోతాడు. జూదం సైట్ల లంకెలు గుప్పించే యంత్రాలు ఏ వికీలో మనుషులు తక్కువున్నారో చూసి అక్కడే దిగుతాయి. తెలుగు నిర్వాహకులు ఉద్యోగాలు చేసుకుంటూ తీరిక వేళల్లో వచ్చేవాళ్లు. తెల్లవారుజామున మూడు గంటలకు కోనసీమ పేజీని ఎవరైనా తుడిచేస్తే, దాన్ని యథాస్థానంలో పెట్టేది ఎక్కువసార్లు బయటివాళ్లే కావచ్చు. వాళ్లు లేకపోతే చిన్న భాషల వికీలు చాలా ఎప్పుడో చెత్తకుప్పలయ్యేవి. బయటివాళ్లకు మన వికీతో పనేమిటన్న పౌరుషం ఇక్కడ పనికిరాదు. వాళ్లు ఏ పని చెయ్యాలి, ఏ పని దగ్గర ఆగాలి అన్నదే తేల్చుకోవలసింది.

గోదావరి గట్టుకు గండి పడితే ఇసుక బస్తా వెయ్యడానికి ఎవరైనా సాయం పట్టవచ్చు, వాళ్లది ఏ ఊరని అడగం. గండి దానంతట అది పడిందా, ఎవరైనా కొట్టారా, కొడితే ఎందుకు కొట్టారన్న విచారణ మాత్రం ఆ కాలువల సంగతి, ఆ పొలాల తగాదాల సంగతి తెలిసినవాళ్లే చెయ్యాలి. వికీల్లో ఈ రెండు పనులూ ఒకే మీటలో కలిసిపోయాయి. మార్పుల్ని ఆపే చెయ్యే, అదే నొక్కుడుతో ఆ మనిషి దుండగుడని తీర్పు కూడా చెప్పేస్తోంది. చాలాసార్లు శాశ్వతంగా, అన్ని భాషలకూ కలిపి. అన్యాయం జరిగేది అక్కడే. చదవకుండానే తెలిసిపోయే చెరుపును ఎవరైనా ఆపవచ్చు. పేజీ మొత్తం తుడిచెయ్యడం, బూతు బొమ్మలు, నలభై భాషల్లో ఒకే జూదపు లంకె, వరసగా పేజీల పేర్లు మార్చెయ్యడం వంటివి అవి. వీటికి తెలుగు అక్కర్లేదు. చదివితేగాని తెలియని చెరుపు వేరే రకం. తప్పుడు తేదీ, మార్చిన జిల్లా, ఒక కులానికి అంటగట్టిన గొప్ప, ఒక నాయకుడి మీద వేసిన నింద అలాంటివి. వీటి విషయంలో బయటివారు కొన్ని గంటలపాటు ఆపగలరు, ఆపాలి కూడా. అంతకు మించి తీర్పు చెప్పే అర్హత వారికి లేదు, ఉండకూడదు.

ఈ రెండో రకం ఎంత చిక్కుగా ఉంటుందో కూనవరం చెబుతుంది. శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు అది. 1959 దాకా భద్రాచలం ప్రాంతమంతా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ఆ ఏడు ఖమ్మంలో కలిపారు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చారు. దాంతో కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం మళ్లీ తూర్పు గోదావరికి వచ్చాయి. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలోనే ఉండిపోయింది. 2022లో అవే మండలాలు అల్లూరి సీతారామరాజు జిల్లాకు వెళ్లాయి. కూనవరం పేజీలో తూర్పు గోదావరి అని రాసినవాడూ, ఖమ్మం అని రాసినవాడూ, అల్లూరి జిల్లా అని రాసినవాడూ ఏదో ఒక ఏటి లెక్కన నిజమే రాసినట్టు. ఎవరు పాత పుస్తకం చూసి రాశారో, ఎవరు కొత్త ఉత్తర్వు చూసి రాశారో, ఎవరు రెండు రాష్ట్రాల మధ్య పంతంకొద్దీ రాశారో తెలియాలంటే ఈ చరిత్రంతా తెలిసి ఉండాలి. అనువాద యంత్రం మాటను మాటగా అప్పజెబుతుంది. రాసినవాడి ఉద్దేశం దానికి దొరకదు. భాషతో పనిలేకుండా చెరుపును పసిగట్టే గణక నమూనాలు ఇప్పుడు వికీల్లో ఉన్నాయి. మార్పు వెనక్కి తిప్పదగిందేమో అవి మార్పు తీరును బట్టి అంచనా కడతాయి. మొదటి గంట కొట్టడానికి అవి పనికొస్తాయి. శిక్షకు ఆధారంగా పనికిరావు.

భాష రాని కన్ను అమాయకుణ్ణి పట్టుకోవడంతో సరిపెట్టదు, అసలు హానిని వదిలేస్తుంది కూడా. 2020 ఆగస్టులో స్కాట్స్ భాషా వికీపీడియా విషయంలో లోకమంతా చూసింది ఇదే. ఆ భాష రాని ఒక అమెరికన్ కుర్రాడు చిన్న వయసులో మొదలుపెట్టి ఏళ్ల తరబడి వేల వ్యాసాలు రాసేశాడు. ఇంగ్లీషు వాక్యాలకు స్కాట్స్ వేషం వేసినట్టుండే రాతలవి. బూతు లేదు, లంకె లేదు, పేజీ తుడవడం లేదు కాబట్టి పైనుంచి చూసే కాపలాదారులు ఏళ్ల తరబడి దాన్ని ఆపలేదు. ఎవరినీ మోసం చెయ్యాలన్న తలంపు ఆ కుర్రాడికీ ఉన్నట్టు లేదు. బయటపడ్డాక అతను పడిన తిట్లకు లెక్కలేదు. భాష తెలిసినవాళ్లు చాలినంతమంది లేని చోట పైనుంచి ఎన్ని తాళాలు వేసినా ఇల్లు భద్రంగా ఉండదు. నా వాదానికి ఇంతకన్న గట్టి సాక్ష్యం వెతకనక్కర్లేదు.

ఒక చోటి శిక్ష మరో చోటికి పాకడం ఇంకో బాధ. ఇంగ్లీషు వికీపీడియాలో దక్షిణాసియా కులాల వ్యాసాల మీద మామూలుకన్న కఠినమైన నియమాలున్నాయి. అవి పెట్టడానికి కారణాలూ ఉన్నాయి, ఆ పేజీల చర్చలు చూసిన ఎవరైనా ఒప్పుకుంటారు. అక్కడ గొడవపడో, ఇంగ్లీషు సరిగా రాకో, కాపీహక్కు నియమం తెలియకో నిరోధానికి గురైన మనిషి తెలుగులో తన ఊరి చెరువు గురించి, గుడి గురించి, పంటల గురించి చక్కగా రాయగలడు. నియమం ప్రకారం ఆ నిరోధం ఇక్కడికి రాకూడదు, రాదు కూడా. కానీ మనుషుల మనసుల్లో వస్తుంది. అక్కడ నిరోధించినవాడట అన్న ముద్ర ముందే చేరుతుంది. రెండు మూడు వికీల్లో నిరోధాలుంటే, ఇది అన్ని భాషల్లోనూ చేస్తున్న అల్లరి అని చెప్పి సార్వత్రిక తాళం అడగడం తేలికవుతుంది. ప్రపంచ నిషేధం అనే పెద్ద శిక్షకు మాత్రం పద్ధతి చక్కగా ఉంది. కనీసం రెండు ప్రాజెక్టుల్లో అప్పటికే శాశ్వత నిరోధం ఉండాలి, అన్ని వికీలకూ ఉమ్మడి చర్చావేదిక అయిన మెటా వికీలో బహిరంగ చర్చ జరగాలి, ఆ మనిషికీ అతను పనిచేసిన వికీలకూ కబురు పంపాలి. తాళానికి ఈ తతంగమేమీ లేదు. ఒక స్టీవార్డు ఒక్క నొక్కుడుతో వేసేయగలరు. వేసిన క్షణం నుంచీ ఆ ఖాతాదారు ఏ వికీలోనూ లోపలికి రాలేడు, తన చర్చా పేజీలో కూడా మొర పెట్టుకోలేడు. ఈమెయిలు రాసుకోవడమొక్కటే దారి.

మనిషిని విడిచి చిరునామాను పట్టుకునే శిక్ష ఇంకా మోటుది. ఖాతా లేకుండా రాసేవారిని వారి ఐపీ చిరునామాను బట్టి ఆపుతూ వచ్చారు. 2007 కొత్త సంవత్సరం రోజుల్లో ఇంగ్లీషు వికీపీడియాలో ఒక చిరునామాను ఇలాగే నిరోధించారు. తీరా చూస్తే ఖతార్ దేశం దేశమంతా ఆ ఒక్క చిరునామా గుండానే వికీపీడియాకు వస్తోంది. తప్పు తెలియగానే ఎత్తేశారు. పదిహేనేళ్లు గడిచాక, 2022లో, ఆఫ్రికా దేశాల వాలంటీర్లు ఇంకో రూపంలో ఇదే మొర పెట్టుకున్నారు. అసలు చిరునామాను దాచిపెట్టే దొంగదారి సర్వర్ల పేరిట వేసిన నిరోధాల్లో తమ ఫోన్ కంపెనీల చిరునామాలు కూడా చిక్కుకుంటున్నాయని, శిక్షణకు పిలిచిన కొత్తవాళ్లు మొదటి మార్పు చెయ్యకుండానే దోషులుగా నిలబడుతున్నారని వాళ్ల బాధ. మన దగ్గర సెల్‌ఫోన్ నెట్ తీరు కూడా ఇదే. ఒక బహిరంగ చిరునామా వెనక వేలమంది ఉంటారు. రావులపాలెంలో ఒకడు చేసిన తప్పు రాజోలులో ఉన్న ఉపాధ్యాయురాలి ఫోనుకు అంటుకోగలదు. రాజమహేంద్రవరంలో ఏదో కళాశాల వాళ్లు వికీ శిక్షణ పెట్టి ముప్ఫైమంది విద్యార్థుల్ని ఒకే వైఫైలో కూర్చోబెడితే, నిరోధం మాట అటుంచి, ఒక చిరునామా నుంచి రోజుకు ఆరు ఖాతాలే తెరవనిచ్చే మామూలు నియమమే ఏడో విద్యార్థిని ఆపేస్తుంది.

ఒక ప్రాంతాన్నంతా ఒక్క దెబ్బకు మూసేస్తే ఏమవుతుందో కోనసీమకు ఒకరు చెప్పక్కర్లేదు. జిల్లా పేరుమార్పు ప్రకటనపై 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాక, దాదాపు రెండు వారాలు అక్కడ ఇంటర్‌నెట్ నిలిపేశారు. ఇళ్ల నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నల్ దొరికే గోదావరి గట్లు వెతుక్కుంటూ పోయారు. ఆ నిర్ణయం అవసరమా కాదా అన్నది ఈ వ్యాసం తేల్చే సంగతి కాదు. అల్లరి చేసినవారినీ చెయ్యనివారినీ వేరు చెయ్యలేని పనిముట్టు అది అన్నది మాత్రం అందరూ ఒప్పుకునే మాట. ఇలాంటి నిలిపివేతలకు సుప్రీంకోర్టు 2020 జనవరి 10న, అనురాధా భాసిన్ కేసులో, కొన్ని హద్దులు గీసింది. ఉత్తర్వును బయటపెట్టాలి, గడువు లేకుండా నిలిపెయ్యకూడదు, కారణానికి తగినంతే ఉండాలి, మళ్లీ మళ్లీ సమీక్షించాలి. వికీపీడియా ప్రభుత్వం కాదు, అక్కడ రాయడం ప్రాథమిక హక్కూ కాదు. అయినా ఈ నాలుగు షరతుల్లో వాలంటీర్ల సముదాయానికి కుదరనిది ఒక్కటీ నాకు కనపడదు.

పనిముట్లు లేవని చెప్పడానికి కూడా లేదు. తాళానికీ సార్వత్రిక నిరోధానికీ మధ్య తేడా బయటివారికి చిన్నదిగా కనిపించవచ్చు గాని, న్యాయమంతా అందులోనే ఉంది. స్టీవార్డు వేసిన తాళాన్ని తెలుగు నిర్వాహకులు తియ్యలేరు. సార్వత్రిక నిరోధాన్నయితే, మా వికీ మటుకు ఇది చెల్లదు అని స్థానిక నిర్వాహకులు పక్కన పెట్టవచ్చు. పైగా అది మెటా వికీకి వర్తించదు కాబట్టి, నిరోధానికి గురైన మనిషి అక్కడికి వచ్చి తన మాట చెప్పుకోగలడు. చాలాకాలం ఈ నిరోధం ఐపీ చిరునామాలకే పరిమితమై ఉండేది, ఖాతాలకు తాళం తప్ప గతి లేదు. 2024లో ఖాతాలకూ సార్వత్రిక నిరోధం వేసే వీలు వచ్చింది. 2025లో చాలా వికీల్లో ఖాతా లేనివారికి తాత్కాలిక ఖాతాలు ఇవ్వడం మొదలైంది. దానితో చిరునామాను కాక, రాసిన మనిషిని గురిచూడటం కొంత సులువైంది. చిరునామాను ఆపక తప్పనప్పుడు కూడా ఖాతా ఉన్నవారిని వదిలి, అజ్ఞాతంగా రాసేవారినే ఆపే మీట ఉంది. ఇన్ని ఉండగా బయటివారు చదవలేని మార్పుల విషయంలో మొదటి దెబ్బే తాళం కావడం అలవాటువల్లే తప్ప అవసరంవల్ల కాదు. యంత్రాలు గుప్పించే జూదపు లంకెల ఖాతాలకు తాళమే సరైన మందు, అందులో నాకు రెండో మాట లేదు. చదివితేగాని తేలని విషయాల్లో మాత్రం బయటివారి చెయ్యి రెండు మూడు రోజుల నిరోధం దగ్గర ఆగాలి. ఆ గడువులో తెలుగు రచ్చబండకు కబురు అందాలి. పొడిగించాలా, ఎత్తెయ్యాలా అన్నది తెలుగు చదవగలిగినవారు తేల్చాలి. ఆ గడువులో ఇక్కడ ఎవరూ పలకకపోతే నిరోధం దానంతట అదే తొలగిపోవాలి.

ఈ చివరి మాట దగ్గరే కాపలాదారులు అభ్యంతరం చెబుతారు. స్థానికులు పలకకపోతే దుండగుడు మళ్లీ వస్తాడు కదా, మూడు వందల వికీలకు ఉత్తరాలు రాస్తూ కూర్చుంటే పని సాగుతుందా అని. అందులో నిజముంది. కానీ వాళ్ల పనిలో ఎక్కువ భాగం చదవకుండానే తెలిసిపోయే చెరుపే. దాని మీద ఈ పద్ధతి కొత్త బరువేమీ వెయ్యదు. మిగిలిన కొద్ది కేసుల్లో దుండగుడు మళ్లీ వస్తే మళ్లీ ఆపవచ్చు, వికీలో పాడైన ప్రతి పేజీకీ పాత ప్రతి భద్రంగా ఉంటుంది, ఒక్క నొక్కుడుతో తిరిగొస్తుంది. అకారణంగా నిందపడ్డ కొత్త రచయిత మాత్రం తిరిగి రాడు. చిన్న సముదాయాల్లో ఒక మంచి రచయిత పోతే ఒక మండలం మండలమే రాయకుండా మిగిలిపోవచ్చు. ఏ నష్టం పూడుతుందో, ఏది పూడదో చూసి నియమం పెట్టుకోవాలి.

రెండో అభ్యంతరం ఇంకా బరువైంది, దాన్ని తేలిగ్గా దాటెయ్యలేం. స్థానికులకే వదిలేస్తే స్థానిక ముఠాలకు వదిలేసినట్టు కాదా? క్రొయేషియన్ వికీపీడియాలో సరిగ్గా ఇదే జరిగింది. అతిజాతీయవాదులైన కొద్దిమంది నిర్వాహకులు దాదాపు పదేళ్లపాటు దాన్ని గుప్పిట్లో పెట్టుకుని, రెండో ప్రపంచ యుద్ధకాలపు దారుణాలకు మసిపూశారు. ఎదురుచెప్పినవారిని నిరోధించి వెళ్లగొట్టారు. 2020లో వారిలో ప్రధానుడి మీద ప్రపంచ నిషేధం పడింది. వికీపీడియాను నిర్వహించే వికీమీడియా ఫౌండేషన్ చేయించిన అధ్యయనం మరుసటి ఏడు వెలువడి, జరిగిందంతా చెప్పింది. మన ఊళ్లలో కూడా స్థానిక పెద్దరికం ఎప్పుడూ న్యాయం వైపే ఉండిందని ఎవరూ అనలేరు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు, వెలి భయం చూపించి పెళ్లికి మనుషులు రాకుండా చెయ్యాలని చూసింది ఆ ఊరి పెద్దలే. వంటవాళ్లూ పురోహితులూ దొరకడమే గగనమైంది. కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్య డబ్బు సాయం చెయ్యకపోతే ఆ ఉద్యమం ఏమయ్యేదో. కాబట్టి బయటివారు ఎన్నడూ కలగజేసుకోకూడదని నేననడం లేదు. క్రొయేషియన్ వికీలో బయటివారి జోక్యం నిలబడింది ఎందుకంటే, ఆ భాష చదవగలిగినవాళ్లు, ఆ నిరోధాలకు బలైనవాళ్లు ముందుకొచ్చి ఆధారాలు పెట్టారు, బహిరంగంగా వాదం జరిగింది, ఆ తర్వాతే తీర్పు వచ్చింది. అక్కడ భాష తెలిసినవాళ్ల గొంతును బయటి అధికారం పైకి తెచ్చింది. ఆ గొంతు వినకుండానే తీర్పు చెప్పడం నేను కాదంటున్న పని.

వేధింపుల వంటి విషయాల్లో ఆధారాలు బయటపెట్టలేమని, బాధితులకే ప్రమాదమని కొందరంటారు. ఒప్పుకోవలసిన మాటే. అయితే గోప్యతకు కూడా ఒక హద్దు ఉంటుందని 2019 నాటి ఇంగ్లీషు వికీపీడియా గొడవ తేల్చింది. ఆ జూన్‌లో ఫౌండేషన్ ఒక నిర్వాహకుణ్ణి కారణం బయటికి చెప్పకుండా ఏడాదిపాటు నిషేధించింది. నిరసనగా ఇరవైమందికి పైగా నిర్వాహకులు పదవులు వదులుకున్నారు. చివరికి సముదాయం ఎన్నుకున్న మధ్యవర్తుల సంఘం ఆధారాలను చూసి, సెప్టెంబరులో నిషేధాన్ని ఎత్తేసింది, నిర్వాహక హోదా మాత్రం తిరిగి ఇవ్వలేదు. అతను నిర్దోషి అని అనలేదు, అంత నిషేధం అవసరం లేదని అంది. ఆధారాలను లోకమంతా చూడనక్కర్లేదు, శిక్ష వేసినవారు కాక మరొకరెవరైనా చూస్తే చాలు. తెలుగు కేసులో ఆ మరొకరు తెలుగు చదవగలిగినవారై ఉండాలన్నది ఒక్కటే అదనపు షరతు.

ఇదంతా బయటివారి బాధ్యతల చిట్టాగా ముగిస్తే తెలుగువాళ్లకు చాలా సుఖంగా ఉంటుంది, కానీ అది సగం నిజం. బయటివారు మన పేజీల మీద తీర్పులు చెబుతున్నారంటే, ఆ తీర్పు చెప్పడానికి మనవాళ్లు సమయానికి లేకపోవడమే చాలాసార్లు కారణం. ఎనిమిది కోట్లమంది మాట్లాడే భాషకు ఇటీవలి మార్పుల్ని రోజూ చూసేవాళ్లు ఎంతమంది ఉండాలి? నిరోధం వేసినప్పుడు కారణం తెలుగులో రాసి, మొర ఎక్కడ పెట్టుకోవాలో పక్కనే చెప్పడానికి స్టీవార్డుల అనుమతి అక్కర్లేదు. శిక్షణ తరగతి పెట్టేవాళ్లు వారం ముందే నిర్వాహకులకు చెబితే, ఒకే చిరునామా నుంచి ఎక్కువ ఖాతాలు తెరిచే వెసులుబాటు దొరుకుతుంది. జిల్లాలు మారినప్పుడు వందల పేజీలు దిద్దేవారు ప్రతి దిద్దుబాటు సారాంశంలో ప్రభుత్వ ఉత్తర్వు తేదీని తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి రాస్తే, ఎక్కడో ఉన్న కాపలాదారుకు సగం అనుమానం అక్కడే తీరుతుంది. చిన్న వికీలను కాచే బృందంలో తెలుగు వచ్చినవాళ్లు చేరడానికీ అడ్డేమీ లేదు.

స్టీవార్డుల ఎన్నిక ఏటా ఫిబ్రవరిలో జరుగుతుంది. అప్పుడే పాత స్టీవార్డుల పనితీరు మీద కూడా అభిప్రాయం అడుగుతారు. కొన్ని వందల దిద్దుబాట్లు చేసి, ఈ మధ్య కూడా చురుగ్గా ఉన్న తెలుగు వాడుకరులందరికీ అందులో ఓటు ఉంది, అభ్యర్థిని ప్రశ్న అడిగే హక్కూ ఉంది. వచ్చే ఫిబ్రవరిలో ఆ పేజీ తెరిచి, మీకు రాని భాషలో జరిగిన మార్పు మీద మీరు ఎంతకాలపు నిరోధం వేస్తారు, ఆ తర్వాత ఎవరిని అడుగుతారు అని ప్రతి అభ్యర్థినీ అడగండి. జవాబు చూసి ఓటెయ్యండి.